గోలు ముందరి గుంత

వనపర్తిలో మా వీధి చివర ఉండే డ్రిల్ సారు పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున పాలు పోసే ఆమె చెప్పింది. పాలగిన్నె కింద పెట్టి, నాగర్‌కర్నూల్‌లో చదువుకుంటున్న మనవరాలికి ఫోన్ చేశాను. “బస్సెక్కుతున్న అవ్వా” అంది, అంతే.

ఆయన ఆడపిల్లల బడిలో ఆటలు నేర్పేవారు. మా మనవరాలు ఎనిమిదో తరగతిలో ఫుట్‌బాల్ జట్టులో చేరింది. బలమైన పిల్ల, బరువైన పిల్ల. సగం మైదానం దాటేసరికి రొప్పేది. “లారీ వస్తుంది, జరుగుండ్రే!” అని తోటిపిల్లలు నవ్వేవారు. ఒక సాయంత్రం బూట్లు మూలకు విసిరి, రేపటి నుంచి పోనంది. ఆ ఆట తప్ప దానికి వేరే సంబరం లేదు. మర్నాడు నేనే బడికి వెళ్లాను.

“ఉరకలేని పిల్లను ఆడించి ఏం లాభం సార్?” అని అడిగాను. లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, రుజువు లేనిది ఒప్పుకోను.

“జర కూసోండ్రి టీచరమ్మా, చూపిస్త.”

లోపలి నుంచి ఒక వింత బంతి తెచ్చారు. గుడ్డలో పత్తి కుక్కి, రెండు కొసలూ బిగించి కుట్టినది. పెద్ద పల్లికాయలా ఉంది.

“దిండా సార్?”

“అమెరికోళ్ల ఫుట్‌బాల్. టీవీల చూసి మా ఇంటామెతోని కుట్టిచ్చిన. కాలుతోని తన్నేది తక్కువ, చేతులతోని పట్టుకొని ఉరికేది ఎక్కువ. మరి ఆ పేరెందుకు పెట్టిండ్రో తెల్వదు.”

మా పిల్లనూ పిలిచి, అందరినీ రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబెట్టారు. ఎవరు ఎటు పోవాలో చెవిలో చెప్పి ఈల ఊదారు. క్షణంలో ఢీకొన్నారు, క్షణంలో ఆగారు. మళ్లీ వరుస, మళ్లీ చెవిలో మాట, మళ్లీ ఢీ. మా పిల్లను దాటి ఒక్కతీ పోలేకపోయింది. లారీ అన్న పిల్లే కిందపడి, “అబ్బా, గోడనే ఇది!” అంది.

సారు నా పక్కన కూర్చున్నారు. “మన ఆటకు దమ్ము కావాలె. ఆగుడుండదు. ఉరుక్కుంటనే ఆలోచన చెయ్యాలె, చెప్పెటోడుండడు. అమెరికోళ్ల ఆటల అయితే, ఉన్న బలమంత ఒక్క దెబ్బల పెట్టాలె, ఆగాలె, మళ్ల పెట్టాలె. ఏం చెయ్యాల్నో ముందే చెప్తరు. కానీ దెబ్బ తిన్నంక గూడ అది మతిల ఉండాలె.”

“ఏది కష్టం?”

“నీళ్లు తోడుడు కష్టమా, మూట మోసుడు కష్టమా? ఎవల నడుం వాళ్లకు ఎరుక.”

“అయితే మా పిల్లను అమెరికా పంపమంటారా?”

ఆయన నవ్వి గోలు స్తంభాల వైపు చూపించారు. “ఎందుకు? మన ఆటల గూడ ఒక్కకాడ ఆ ఆటున్నది. ఆడ నిలవడుడు, చూసుడు, ఒక్కపారి దుంకుడు.”

మర్నాటి నుంచి మనవరాలు గోలుకీపరు. “బంతి మోసం చేస్తది బిడ్డా, నడుం చెయ్యదు. తన్నెటామె నడుం చూడు” అని దానికి రోజూ చెప్పేవారు.

ఆ ఏడు కొల్లాపూర్ పోటీలో, ఆట ముగియబోతుండగా, ఎదుటి జట్టు పిల్ల అందరినీ తప్పించుకుని ఒంటరిగా దూసుకొచ్చింది. మా పిల్ల కదలలేదు. నేనే లేచి నిలబడ్డాను. బంతి ఆ పాదాన్ని వదలకముందే మా పిల్ల ఎడమకు దూకింది. ఇద్దరూ గుద్దుకుని పడ్డారు. బంతి దీని పొట్ట కింద ఉంది. అంత ఒళ్లు అంత తేలిగ్గా గాలిలోకి ఎలా లేచిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. సారు చప్పట్లు కొట్టలేదు. దగ్గరికి పోయి, “లేస్తవా? యాడ నిలవడాల్నో యాదికున్నదా?” అన్నారు. అది తలూపి తన చోటికి నడిచింది.

ఏటా వానలు మొదలవగానే గోలు ముందరి గుంతను ఆయనే పూడ్చేవారు. “చూడుండ్రి టీచరమ్మా, ఉరికెటోళ్ల కింద కాదు, నిలవడ్డోళ్ల కిందనే నేల ఎక్కువ అరిగింది” అనేవారు, తట్ట దించుతూ.

మంగళవారం అంత్యక్రియలయ్యాక మనవరాలు ఇంటికి రాకుండా మైదానానికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను. ముందు రోజు వానకు ఆ గుంతలో నీళ్లు నిలిచాయి. ఈసారి పూడ్చినవాళ్లు లేరు.

“మట్టి పోయిద్దామా?” అన్నాను.

“జరసేపు ఉండనీ అవ్వా.”

చెప్పులు విడిచి, ఆ నీళ్లలోకి దిగి, మోకాళ్లు కొంచెం వంచి, ఖాళీ మైదానం వైపు చూస్తూ నిలబడింది.