ఈస్టరు ముందటి శనివారం

మా టీచరుగారు పోయారని పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. “నిద్దట్లోనే వెళ్ళిపోయారంటమ్మా, నరసాపురంలో వాళ్ళమ్మాయిగారి ఇంట్లో” అంది. నేను రాజమండ్రిలో మా వంటింట్లో స్టవ్ కట్టేసి కూర్చున్నాను.

మీకు ఆవిడ తెలియదు. మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో బడి టీచరు. ఆదివారాలు చర్చిలో పిల్లలకి సండేస్కూలు చెప్పేవారు. మేం చేపల వేటకెళ్ళే వాళ్ళం, గంగమ్మకి మొక్కేవాళ్ళం. అయినా బిస్కట్ల కోసం నేనూ వెళ్ళి వెనక చాప మీద కూర్చునేదాన్ని. ఆవిడ చేతిలో ఎప్పుడూ లేసు అల్లిక ఉండేది. అల్లుతూనే పాఠం చెప్పేవారు, అల్లుతూనే వీపు మీద ఒకటి వేసేవారు.

ఏటా ఈస్టరు ముందు ఒకటే ప్రశ్న అడిగేవారు. శుక్రవారం ఏమైంది? ప్రభువుని సిలువ వేశారని అందరం అరిచేవాళ్ళం. ఆదివారం? లేచారు! మరి శనివారం? దానికి జవాబు ఆవిడే చెప్పాల్సి వచ్చేది. “ఏమీ అవలేదర్రా. ఆయన మనుషులు తలుపులేసుకుని భయపడతా కూర్చున్నారు. ఆ రోజు సంగతి తెలీకపోతే మీకు ఈస్టరు సంగతి తెలీనట్టే” అనేవారు. అప్పుడది నాకేమీ అర్థం కాలేదు.

నేను ఇంటరు చదివే ఏడాది గుడ్ ఫ్రైడే రోజున గాలి లేచింది. సాయంత్రానికి పడవలన్నీ ఒడ్డుకి వచ్చేశాయి. మా నాన్నా బాబాయీ వెళ్ళిన ఇంజను పడవ ఒక్కటీ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. వెతకడానికి వెళ్ళిన రెండు పడవలూ జాడ దొరక్క తిరిగొచ్చాయి.

శనివారం తెల్లారేసరికి మా అరుగు నిండా ఆడవాళ్ళు. ఒకావిడ అప్పుడే సన్నగా రాగం ఎత్తుకుంది. టీచరుగారు వస్తూనే ఆవిడ మీద విరుచుకుపడ్డారు. “ఏం తెలిసిందని ఏడుస్తున్నావు? కబురేమైనా వచ్చిందా? నోరు ముయ్యి!” అని ఆవిణ్ణి లేపి ఇంటికి పంపేశారు. అమ్మ పక్కన గోడకి చేరబడి కూర్చున్నారు.

“వస్తారా టీచరుగారూ?” అంది అమ్మ.

“తెలీదమ్మాయ్.”

“మీరు ప్రార్థన చేశారు కదండీ?”

“చేశాను. చేసినా తెలీదు. తెలిసేదాకా నీ పక్కనుంటాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. వస్తాడని ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయింది? అందరూ అంటూనే ఉన్నారు, వచ్చేస్తాడు, భయపడకండి అని. కానీ అమ్మ వాళ్ళెవరి మాటా వినిపించుకోలేదు. టీచరుగారి చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని ఆ పగలంతా కూర్చుంది. టీచరుగారు కూడా శుక్రవారం ఉపవాసం మొదలు పస్తే, పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు.

సాయంత్రం చర్చి పాస్టరు అయ్యగారూ, సంఘపెద్ద ఒకాయనా వచ్చారు. టీచరుగారు బయటికి వెళ్ళి వాళ్ళతో గొంతు తగ్గించి ఏదో అన్నారు. పెద్దాయన గొంతు మాత్రం లోపలికి వినపడింది. “ఏటేటా కొట్టే గంట మానేస్తామేంటండీ? పండగండీ ఇది!”

మా ఊరి చర్చి గంట గురించి చెప్పాలి. ఆరాధనకి గబగబా కొడతారు. ఎవరైనా పోతే ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బే. ఈస్టరు తెల్లవారుజామున మాత్రం మొదట చావు గంటలాగే కొడతారు, ఆ తరవాత కాసేపు ఆపి, ఒక్కసారిగా జోరు పెంచుతారు. అది మా ఊరి చర్చి వాళ్ళ పాత ఆనవాయితీ. ఆ మొదటి దెబ్బలు ఆ రోజు మా ఇంట్లో ఎలా వినపడతాయో ఆవిడకి తెలుసు.

“గంట కొట్టకపోతే ఆయన లేవడం మానేస్తారా అండి?” అన్నారు టీచరుగారు. పెద్దాయన ఇంకేదో అనబోతే అయ్యగారు భుజం పట్టి ఆపారు. ఈసారికి గంట వద్దన్నారు.

ఆదివారం ఇంకా చీకటి విడకముందే మా సందులో అడుగుల చప్పుడైంది. చర్చి వాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, చేతుల్లో కొవ్వొత్తులతో, ఏటా ఈస్టరుకి వెళ్ళినట్టే సమాధుల తోటకి వెళ్తున్నారు. పాట లేదు. చిన్నపిల్లలు కూడా మాట్లాడటం లేదు. మా గుమ్మం ముందుకి వచ్చేసరికి ఇంకా మెల్లగా నడిచారు. అమ్మ లేచి బయటికి వెళ్ళింది, వెనకే టీచరుగారూ వెళ్ళారు.

“గంట కొట్టలేదేంటండీ?” అంది అయ్యగారితో. ఆయన టీచరుగారి వంక చూశారు.

“నీకోసమే వద్దన్నానమ్మాయ్” అన్నారు టీచరుగారు.

“కొట్టండి. ముందు దెబ్బలు వింటానే ఉన్నానండీ నిన్నంతా. తరవాతవి కూడా వినాలి కదా నేను.”

ఎవరూ కదల్లేదు. టీచరుగారే చర్చి దగ్గరికి వెళ్ళి గంట తాడు పట్టుకున్నారు. మొదటి దెబ్బకి అమ్మ ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ తరవాత గంట ఆగింది. అంత నిశ్శబ్దం నా బతుకులో మళ్ళీ వినలేదు, వినకూడదు కూడా. నాన్న చచ్చిపోయాడని ఆ క్షణంలో నేను గట్టిగా నమ్మేశాను. అప్పుడు గంట జోరందుకుంది. అమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

టీచరుగారు సమాధుల తోటకి వెళ్ళలేదు. తిరిగొచ్చి మళ్ళీ అదే గోడకి చేరబడ్డారు. పొద్దెక్కాక, వేరే ఊరి పడవ ఒకటి మా పడవని తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను పట్టేసి, గాలికి కొట్టుకుపోయారట. నాన్న పెదవులు పగిలిపోయి ఉన్నాయి. ఇసకలో నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. గంట వినపడిందా అని అమ్మ అడిగితే, “గంటా? ఏ గంటే? అంత దూరంలో ఏం వినపడుద్ది?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అమ్మ అన్నం వండి, నాన్నకీ బాబాయికీ పెట్టింది. టీచరుగారికీ కంచం వేసింది. ఆవిడ అన్నం కలిపారు కానీ చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు. రెండు రోజులుగా కన్ను చెమర్చని మనిషి, అప్పుడు భోరుమన్నారు.

“భయమేసిందే అమ్మాయ్! నాకు చాలా భయమేసింది” అన్నారు.

అమ్మ నాన్న దగ్గర్నించి లేచి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆవిడ కంచంలోంచే ముద్ద తీసి నోటి దగ్గర పెట్టింది. తెల్లచీర కొంగుతో కళ్ళు కప్పుకుని, టీచరుగారు చిన్నపిల్లలా నోరు తెరిచారు.