కనకం చుట్టిన ఓవెన్ స్ప్రింగు

అర్పా నది ఒడ్డునున్న సర్కండా పేటలో ఎవరి షట్టరు తాళం మొరాయించినా, ఎవరి స్కూటరు స్టాండు వేలాడినా కనకం గుమ్మంలోకే వస్తారు. రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసిన తండ్రి పోలయ్య దగ్గర చిన్నతనంలోనే స్ప్రింగులు చుట్టడం నేర్చుకుంది. యాభై రెండేళ్లొచ్చినా తీగను ఓసారి వేళ్లతో వంచి, ఎంత బరువుకు లొంగుతుందో చెప్పేస్తుంది. అలాంటిది, నాగేంద్ర మూడోసారి వచ్చేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

నాగేంద్రకు రైల్వే కాలనీ దగ్గర బేకరీ ఉంది. ఓవెన్ తలుపును బిగించి ఉంచే స్ప్రింగు వారం తిరక్కుండానే సాగిపోతోంది. తలుపు సరిగా మూసుకోక బన్నులు సగం మాడి, సగం పిండిగా మిగులుతున్నాయి.

“పిన్నీ, ఈసారి ఇంకా మోటా తీగ వేసెయ్. మజ్‌బూత్‌గా ఉంటది,” అన్నాడు.

“రెండోపాలి మందం తీగే ఏసినాను కదేటి. అదీ సాగిపోనాది. నీ ఓవెను సూడకుండా నాను మళ్లీ తీగ ముట్టను నాయనా.”

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి అర్పా నది దాటింది. బేకరీలో ఓవెన్ పక్కనే స్టూలు వేసుకు కూర్చుంది. తలుపు తీసినప్పుడల్లా వేడి నేరుగా స్ప్రింగుకే తగులుతోంది. చేయి తడిపి దాని మీద రెండు చుక్కలు చిలకరించింది. చుయ్యిమని ఎగిరిపోయాయి.

కనకం తనలో తానే నవ్వుకుంది. ఇన్నాళ్లూ వేసింది పియానో తీగ అనే గట్టి ఉక్కు. చల్లగా ఉన్నంతసేపు దానికి సాటి లేదు. ఇంత వేడిలో మాత్రం, ఎంత మందం వేసినా బిగువు జారిపోతుంది.

“స్టెయిన్‌లెస్ కావాల. గిన్నెల రకం కాదు, స్ప్రింగులకి వాడే తీగ,” అంది.

రాయ్‌పూర్ నుంచి తీగ వచ్చింది. అది మహా పెంకిది. చుట్టి వదలగానే విచ్చుకుని వెడల్పయిపోయేది. రెండు పాడయ్యాక, ఇంకా సన్నని కడ్డీ మీద చుట్టి దారికి తెచ్చుకుంది. తయారయ్యాక బేకరీకి తెచ్చినా వెంటనే బిగించలేదు. కాస్త సాగదీసి చట్రానికి తగిలించి, ట్రేలో పెట్టి ఓవెన్‌లోకి తోసింది.

“సాగేదేదో ఇక్కడే సాగిపోతాది. తలుపెక్కినాక పేచీ పెట్టదు.”

బ్రెడ్డు కోసం వచ్చిన శాంతాదేవి తొంగిచూసి, “ఇదేటి నాగేంద్రా, కొత్తరకం జంతికా?” అనడిగింది. పనివాళ్లంతా ఘొల్లుమన్నారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది కనకమే.

ఆ స్ప్రింగు బిగించి ఐదు నెలలైంది. తలుపు ఇప్పటికీ టక్కున మూసుకుంటోంది.

అప్పట్నుంచి కనకం తీగ వంచి చూసే ముందు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఆరా తీస్తోంది. మొన్న కాలేజీ ల్యాబు నుంచి జ్యోతిర్మయి స్విచ్చులోని చిన్న స్ప్రింగు పట్టుకొచ్చింది.

“దీన్లోంచి కరెంటు పోతాదేటమ్మా?”

“పోతుందండీ.”

“అచ్ఛా, అయితే ఉక్కొద్దు, కరెంటుకి సరిగా దారివ్వదు,” అంటూ కనకం లేచి, పై అరలోంచి ఎర్రగా మెరిసే కంచుతీగ చుట్ట దించింది.