గీతల్లేని బొటనవేళ్లు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక తెగులుంది. ఎవరేం చెప్పినా సగమే నమ్ముతాను. మా బాపు వర్ని దగ్గర వరి పండించేవాడు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు చూస్తుంటే ఎవడూ గింజ తప్పించడు బిడ్డా అనేవాడు. ఆ మాటను బిరుదులా మోసుకు తిరిగాను. బోధన్‌కూ రెంజల్‌కూ మధ్య ఒక ఊళ్లో పంతులమ్మగా కుదిరాక, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని నా వెనక అనుకునేవాళ్లు. నాకది పొగడ్తలాగే వినిపించేది.

డెబ్బైల మొదట్లో పెద్ద కరువు వచ్చింది. మంజీర అవతల మరాఠీ పల్లెల్లో బావులు ఎండిపోయాయి. జనం పశువుల్ని విడిచిపెట్టి, మూటలు నెత్తిన పెట్టుకుని మావైపు నడిచి వచ్చారు. మా దగ్గర కాలువ ఉంది, చెరుకు ఉంది, పని దొరుకుతుందని వాళ్ల ఆశ. ఆ ఏడు మా కాలువ కూడా అడుగంటింది. ఊరి బయట చెరుకు నరికేసిన నేలలో, చెరుకాకుతోనే గుడిసెలు వేసుకున్నారు. కొన్నాళ్లకు వాళ్ల కోసం లారీల్లో గోధుమ రవ్వ, పాలపొడి, దుప్పట్లు వచ్చాయి. వచ్చినవాళ్లకే ఇస్తే ఉన్నవాళ్లు మన్ను తినాలా అని ఊరివాళ్లు లారీకి అడ్డం కూర్చున్నారు. వాళ్ల మాటా న్యాయమే. చివరికి ఊళ్లోని నిరుపేదలకు కూడా కార్డులు రాశారు. వాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు.

సరుకు కార్డున్న మనిషికే చేరిందా, ఆ ఇంట్లోనే తిన్నారా అని చూసే పని నాకు అప్పగించారు. బడికి ఎలాగూ పిల్లలు రావడం లేదు. వచ్చినవాళ్లకు ఒక రిజిస్టరు, ఊరివాళ్లకు ఒకటి. వారానికొక గడి, గడిలో బొటనవేలి ముద్ర. ముద్రలు వేయించడానికి వాకిట్లో ఒక గుమాస్తా ఉండేవాడు. నేను లోపల కొలత దగ్గర కూర్చునేదాన్ని. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత నా దగ్గర చెల్లదని మొదటిరోజే చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

పంపకం జరిగేది మూతబడ్డ బెల్లం గోదాములో, మిట్టమధ్యాహ్నం. గోడల్లో ఇంకా పాత బెల్లం పులిసిన వాసన ఉండేది. మరాఠీవాళ్ల వరుసలో చప్పుడే ఉండేది కాదు. చంకల్లో పిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు. అంతమంది నిలబడ్డ చోట, గాలి కూడా లేకుండా ఎక్కడో చెరుకాకు గరగరమనడం తప్ప ఏమీ వినబడకపోతే నా వెన్ను చల్లబడేది. తలెత్తకుండా పాలపొడి కొలుస్తూ పోయేదాన్ని.

ఒకరోజు బడి సైన్సు పెట్టెలోంచి భూతద్దం తెచ్చి రెండు రిజిస్టర్లూ ముందేసుకున్నాను. చూడమని నన్నెవరూ అడగలేదు. మరాఠీవాళ్ల ముద్రలు దున్నిన చేనులా సాళ్లు సాళ్లుగా ఉన్నాయి. ఊరివాళ్ల రిజిస్టరు తెరిచాను. మొదటి ముద్రలో గీతలు లేవు. నున్నటి సిరా మరక. సిరా ఎక్కువైందనుకున్నాను. పక్క గడి చూశాను, కిందిది చూశాను, పేజీ తిప్పాను. ఆడవాళ్ల ముద్రలు దాదాపు అన్నీ అంతే. బయట ఎండ మండిపోతుంటే నా చేతుల మీద రోమాలు లేచాయి. వారం వారం ఇంతమంది నా ముందుకొచ్చి గిన్నెలు పట్టి, సరుకు తీసుకుపోయారు. కాగితం మీద మాత్రం ఒక్క మనిషీ లేదు.

భయాన్ని కోపం చేసుకోవడం నాకు బాగా వచ్చు. ఎవరో ఒక్కరే వేలికి ఏదో పూసుకుని అందరి గడుల్లోనూ అద్దుతున్నారని తేల్చేశాను. నిజామాబాద్ నుంచి వచ్చే అధికారికి అలాగే రాసిచ్చాను. ఆయన చదివి, నా తెలివిని మెచ్చుకుని, విచారణ అయ్యేదాకా ఆ కార్డులన్నీ ఆపమన్నాడు. ఆపేశాం.

ఆ వారమే మా పక్కింటి ఆమె వచ్చింది. మొగుడు పోయి ఏడాది. రెండేళ్ల ఆడపిల్ల, ఒక ముసలి అత్త, చాటెడు బీడీలు, అదే ఆమె సంసారం. పిల్లకు రవ్వ అరిగేది కాదు, అన్నం ఇమిడేది కాదు. పాలపొడి కలిపిన నీళ్లే ఆ పిల్లను నిలబెడుతున్నాయి.

"గా ముద్ర నాదే పంతులమ్మా. పిల్ల పాలు ఆపకుండ్రి" అంది.

నా ఎదుట వెయ్యమన్నాను. సిరా దిండు మీద బొటనవేలు అద్ది తెల్లకాగితం మీద పెట్టింది. నున్నటి మరక. ఇంకోసారి పెట్టమన్నాను, మరోసారి పెట్టమన్నాను. కాగితం నిండా అవే మరకలు. నాకు అర్థం కావలసింది అప్పుడే. కాలేదు సరిగదా, ఆ దొంగవేలు ఇదే అనుకున్నాను. గెలిచినదానిలా భూతద్దం ఆమె చేతిలో పెట్టి, నువ్వే చూసుకో అన్నాను. ఆమె కాగితం వైపు చూడలేదు. తన వేలు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. అద్దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, చేతిని కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

ఆమె వేలికి గీతల్లేవన్న మాట మర్నాటికి బీడీలు చుట్టేవాళ్ల వాడంతా పాకింది. వాడలో పెద్ద వయసు అవ్వ ఒకామె దానికి అర్థం కూడా చెప్పేసింది.

"సచ్చినోళ్ల చేతులల్లనే గీతలుండయి. బ్రమ్మ రాసింది తుడుసుకపోతది."

మధ్యాహ్నం నేను ఆ వాడలోంచి నడిచాను. రోజూ ఆ వేళకు కత్తెరల చప్పుడు, తంబాకు ఘాటు, ఒకరి మీద ఒకరి వేళాకోళాలు ఉండేవి. ఆరోజు అరుగుల మీద ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ బీడీలు చుట్టడం లేదు. ఒక్కొక్కరూ బొటనవేలు ఎండకు ఎత్తిపట్టి కళ్లు చికిలించి చూసుకుంటున్నారు. నేను పక్కనుంచి పోతున్నా ఒక్కరూ తల తిప్పలేదు. నీకు ఆకలవుతోందా అని ఒకామె పక్కామెను మెల్లగా అడిగింది. ఎప్పుడూ అవుతూనే ఉంటుందని ఆమె చెప్పింది. ఇద్దరూ కాసేపు దాని గురించి ఆలోచించారు. నన్ను బెదిరించడానికి అందరూ కలిసి కట్టిన నాటకమనుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికొచ్చాను. తలుపు మాత్రం గడియ పెట్టుకున్నాను.

పక్కింటి అరుగు మా కిటికీలోంచి కనబడేది. మంచం మీద పిల్ల. అవతలి గోడకు ఆనుకుని తల్లి, రెండు చేతులూ కొంగులో. పిల్ల దిగి పాకుతూ దగ్గరికి వస్తే ఆమె లేచి ఇంకో మూలకు పోయేది. పిల్ల మళ్లీ అటు పాకేది. ముసలత్త తడుముకుంటూ వచ్చి ఇంత గంజి పట్టేది. పిల్ల అది కక్కేసేది. ఒకసారి పట్టలేక వెళ్లి కేకలేశాను. ఆమె నా మొహం చూడకుండానే జవాబిచ్చింది.

"సచ్చినదాని చెయ్యి తాకితే పిల్లను గుంజుకపోతదంట."

పిచ్చిదానా అని తిట్టి వచ్చేశాను. తిట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, గుడిసెల నుంచి పొడుగాటి మరాఠీ ఆమె ఒకతె ఇత్తడి చెంబు మీద ఆకు మూసి తేవడం మొదలుపెట్టింది. అరుగెక్కి, పిల్లను ఒళ్లో వేసుకుని, చెంబులో పాలు తాగించి వెళ్లేది. తల్లి గోడ దగ్గర నుంచి చూస్తూ ఉండేది. తన ఇద్దరు పిల్లలకు కార్డు మీద వచ్చే పాలపొడిలో సగం ఆమె ఇటు తెస్తోందని, గుడిసెల తనిఖీకి పోయినప్పుడు కనిపెట్టాను. వారం మధ్యలోనే డబ్బా ఖాళీ అయింది. ఎక్కడికి పోయిందని అడిగితే ఆమె దాచలేదు. వచ్చీరాని తెలుగులో, ఆ పోరికి పోసినానంది. ఒక కార్డు సరుకు ఆ ఇంట్లోనే తినాలి. ఇంకోసారి జరిగితే కార్డు కోసేస్తానన్నాను. ఆమె తన ఇద్దరు పిల్లల వైపు చూసింది. మర్నాటి నుంచి రాలేదు. నా పని నేను సరిగ్గా చేశానని ఆరోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆమె రావడం మానేసిన నాలుగో రోజు పొద్దున, నేను అద్దెకున్న ఇంటి అవ్వ ఎదుట కూర్చున్నాను. ఆమె కూడా బీడీలే చుట్టేది. ఊరికే చూస్తున్నాను. కత్తిరించిన ఆకులో తంబాకు పోసి, రెండు బొటనవేళ్లతో దొర్లించి, మూతిని గోటితో లోపలికి మడిచి, చాటలో పడేసింది. మళ్లీ ఇంకొకటి. ఎండిన ఆకు వేలి కండను రుద్దుకుంటూ పోతోంది. అవ్వ చెయ్యి అందుకుని తిప్పి చూశాను. బొటనవేలు గచ్చులా నున్నగా ఉంది. చూపుడువేలూ అంతే. చిటికెన వేలు మాత్రం ఆకుకు తగలదు. దాని మీద సాళ్లు సాళ్లుగా గీతలు. ఎప్పటి నుంచి చుడుతున్నావని అడిగితే, గౌను తొడిగేటప్పటి నుంచీ అని నవ్వింది. నేను వరి ఇంటి బిడ్డను. ఆ అవ్వ చేతి అన్నం రెండేళ్లు తిన్నాను. ఆ చేతిని ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు నేను ముందు పక్కింటికి పోవలసింది. గోదాము తాళం నా దగ్గరే ఉంది, పాలపొడి అందులో ఉంది. కానీ ఆపిన కార్డు మీద సరుకు తీయడం తప్పని నా బుర్రకెక్కి ఉంది. బస్సెక్కి నిజామాబాద్ పోయాను. అధికారి చిటికెన వేలి ముద్ర తీసుకోమని రాసిచ్చేసరికి ఆఫీసు మూసే వేళయింది. ఆ రాత్రి బంధువులింట్లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం కాగితం చేత్తో పట్టుకుని ఊళ్లో దిగాను. పిల్ల ఆ తెల్లవారుజామునే పోయింది. పూడ్చి వచ్చారు కూడా. అరుగు మీద మంచం లేదు. ఆమె అదే గోడకు ఆనుకుని ఉంది, చేతులు కొంగులోనే ఉన్నాయి.

వారం తిరిగి పంపకం రోజు వచ్చింది. గుమాస్తాను లేపి, ముద్రల దగ్గర నేనే కూర్చున్నాను. వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చిటికెన వేళ్లు పెట్టారు. ఎవరూ నన్నొక మాట అనలేదు. అంటే బాగుండేది. పక్కింటి ఆమె కూడా వరుసలో వచ్చింది. ఖాళీ గిన్నె చంకలో ఉంది. కార్డులో పిల్ల పాలు ఇంకా రాసే ఉన్నాయి. నేను కొట్టెయ్యలేదు. ఆమె చెయ్యి కొంగులోంచి తీయకపోతే నేనే పట్టుకుని తీశాను. వెచ్చగా ఉంది. చిటికెన వేలు అద్ది గడిలో నొక్కాను. గీతలన్నీ వచ్చాయి, ఒక్కటీ చెదరకుండా. ఆమె వంగి వాటిని చూసింది.

"అంటే నేను బతికే ఉన్ననా పంతులమ్మా?"

ఉన్నావన్నాను.

"గప్పుడు గూడ?"

తల ఊపాను.

"గట్లయితే పిల్లను ఎత్తుకుంటే ఏంగాకపోతుండె గద" అంది.