సిరిసిల్ల బస్సు మీది లావు అక్షరాలు

మేం మగ్గాల పనికి వలసొచ్చిన నగరంలో, గోడాదరా పేటలో, మా సిరిసిల్ల వైపు బస్సులు ఆగే చోట టికెట్లు రాసే ఏజెంటు ఒకసారి నన్నన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది. ఏ రోజో చెప్పలేను కాని, అతని చిలకపచ్చ చొక్కా, దానికి ఊడిపోయిన రెండో గుండీ కళ్లముందే ఉన్నాయి.

"కాకా, తెలుగు అక్షరాలు లావుగ రాస్తే బూరెల లెక్క అయితయి. నువ్వు మగ్గం చూస్కో, బోర్డు సంగతి నాకిడ్శిపెట్టు."

నేనన్నదాంట్లో తప్పేమీ లేదు. మధ్యాహ్నం నాలుగు బస్సులు వరసగా నిలబడతాయి. అద్దాల వెనక బోర్డుల మీద ఊళ్ల పేర్లు దారప్పోగుల్లా ఉంటాయి. తెలుగు తప్ప మరోటి చదవలేని ముసలివాళ్లు ఒక్కో బస్సు ముందుకెళ్లి మెడలు చాచి చూడాలి. నా భార్య ఒకసారి మూటతో సహా వరంగల్ బస్సెక్కి దిగింది. అందుకే, "నీ బోర్డు బస్సెక్కినంక చదవాల్సొస్తున్నది, జర లావుగ రాయించు" అన్నాను. దానికా జవాబు. ఎదుటి టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. వాళ్లలో మా పక్కింటాయన కూడా ఉన్నాడు. ఎనిమిది నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాను కాని, మునుపటంత కాదు.

లావు అక్షరం సంగతి నాకు తెలియదనుకున్నాడు. సలాబత్‌పురాలో ఒక సేఠ్ దగ్గర ఇరవై రెండేళ్లు చీరల డిజైన్లను గడుల కాగితం మీదికి ఎక్కించాను. ఒక్కో గడి ఒక్కో దారం. పూలు, మామిడి పిందెలు, చీర అంచున వచ్చే పేర్లు, అన్నీ నా చేతిమీదుగా వెళ్లినవే. తర్వాత సేఠ్ కంప్యూటర్ తెచ్చి నన్ను మిషన్ దగ్గర నిలబెట్టాడు. అది వేరే ఫిర్యాదు, ఇక్కడ కలపను.

గడుల కాగితం నాకొకటి నేర్పింది. నేశాక దారం ఉబ్బుతుంది, అక్షరం లోపలి సందు మూసుకుపోతుంది. అందుకని కంటికి సరిపోయిందనిపించిన దానికంటే ఒక గడి ఎక్కువే ఖాళీ వదలాలి. కాగితం మీద వెకిలిగా ఉన్నా గుడ్డ మీద సరిగ్గా వస్తుంది. దూరం నుంచి చూసే బోర్డుకైనా ఇదే లెక్క.

మిగిలిన కాగితాలు దులిపి "సిరిసిల్ల" మొదలుపెట్టాను. గీత ఆరు గడుల వెడల్పు, లోపల నాలుగు గడుల ఖాళీ. గుడులు పైకి లేవకుండా అణిచాను. లకారం కింది వత్తు మాత్రం ఏడిపించింది. బోర్డు ఎత్తు జానెడే. వత్తును కిందికి వేలాడదీస్తే పేరంతా కుంచించుకుపోతుంది. నాలుగు సెలవు రోజులు దానికే పోయాయి. చివరికి వత్తును పక్కకు జరిపి, బిడ్డను చంకనెత్తుకున్నట్టు కూర్చోబెట్టాను.

నా భార్య చూసి, "అచ్చం నీ లెక్కనే ఉన్నది, నడుమే లేదు" అంది. అదీ గుర్తుంది.

ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ మీద పనిచేసే అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది. నా కాగితం చూసి, "గజబ్ ఉంది కాకా. కాని సందులు బహుత్ పెద్దగున్నయి, జర తగ్గిస్తనా?" అంది.

"ఒక్క గడి తగ్గించినా నీ దుకాణం ముందే కూసుంట."

"కూసో, చాయ్ తెప్పిస్త. కదలకు, దుకాణానికి బోర్డు అవసరమే."

తగ్గించలేదు. పైగా మిగతా అక్షరాలన్నీ నాతో గీయించి, ఏ మాట టైపు చేసినా అలాగే లావుగా వచ్చేలా ఫాంటు చేసింది.

బోర్డు తీసుకెళితే ఏజెంటు పెదవి విరిచాడు. "పెట్టి చూద్దాం. టీ కొట్టు కాడ నిలబడి ఎవరన్న చదివితె ఉంచుత, లేకుంటే తీస్కపో."

ఎవరూ చదవకపోతే, ఆ టీ కొట్టు ముందునుంచి నేను బతికినన్నాళ్లూ తలవంచుకుని నడవాలి.

ఆ రోజు అతని తల్లే సిరిసిల్లకు వెళుతోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. టీ కొట్టు దగ్గర చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఒకసారి చూసి, నేరుగా మూడో బస్సువైపు రోడ్డు దాటసాగింది.

"అమ్మా, ఆగు, నేను చూపిస్త" అంటూ ఏజెంటు వెంటపడ్డాడు.

"ఏం చూపిస్తవురా, గదేగా సిరిసిల్ల? గోడంత రాసిన్రు." రెండడుగులు వేసి ఆగింది. "ఇన్నేండ్ల సంది నా కండ్లు పోయినయని చుక్కలమందు పోస్తివి. నా కండ్లు మంచిగనే ఉన్నయి, నీ బోర్డులకే రోగం."

టీ కొట్టు మళ్లీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను, చాయ్ సగం చొక్కా మీద ఒలికింది.

ఇప్పుడు అన్ని బస్సుల మీదా నా అక్షరాలే. పెళ్లి ఫ్లెక్సీల మీద, బతుకమ్మ బ్యానర్ మీద, మటన్ దుకాణం మీద కూడా. మటన్ దుకాణం వాడు వాటిని అడ్డంగా సాగదీశాడు. రెండుసార్లు వెళ్లి చెప్పాను. ఆ అమ్మాయి ఫాంటుకు "మోటా కాకా", అంటే లావు కాకా, అని పేరు పెట్టింది. ఒప్పుకోనని మూడుసార్లు చెప్పాను.

మొన్న ఏజెంటు ఇంటికొచ్చాడు. "కాకా, నా ఆఫీసు బోర్డు గూడ గవే అక్షరాలల్ల కావాలె."

"బూరెల లెక్క అయితె?"

"గది ఇంకా యాదికున్నదా?"

"చిలకపచ్చ అంగి. రెండో గుండీ లేదు."

అతను తల వంచి తన చొక్కా గుండీలు చూసుకున్నాడు. బోర్డు చేయించి ఇచ్చాను. రోజూ టీ కొట్టు దగ్గర నిలబడి, అతనికి వినబడేలా చదువుతున్నాను.