ఆపమన్నందుకు

మహాలక్ష్మి జీపు ఇసకలో దిగబడిందంటే కవిటిలో ఎవరూ నమ్మరు. ఏళ్ల తరబడి ఆ సముద్రపు ఒడ్డున బండి తిప్పిన మనిషి. పలాస కుర్రాళ్లు బండ టైర్లు తగిలించి, దిగబడితే తాడేసి లాక్కునే మోటార్లు ముందు బిగించుకొచ్చి దిబ్బల్లో కూరుకుపోతుంటే, కంపెనీ నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే నడుపుకుంటూ వాళ్ల పక్కనుంచి వెళ్లిపోయేది. ఒక్క బోల్టు మార్చి ఎరగదు. అలాంటిది ఈ ఆదివారం సాయంత్రం వెనక చక్రాలు ఇరుసుదాకా దిగిపోయాయి. సముద్రం పోటు మీదుంది. పక్కసీట్లో మొగుడున్నాడు.

మొగుడంటే త్రినాథ్, కొబ్బరికాయల వ్యాపారి, ఆవిడకు స్వయానా మేనబావ. జీడితోటకి ఆటోలు రావడం లేదన్న వంకతో ఆవిడ ఈ ఫోర్ వీల్ జీపు కొన్ననాడే ఆయనొక షరతు పెట్టాడు. ఒక్కసారి పరాయివాళ్లు లాగి గట్టెక్కించవలసి వచ్చిందా, మర్నాడే బండి అమ్మెయ్యాలి. నలుగురిలో నవ్వులపాలు కావడం ఆయన వల్ల కాదు. ఆవిడ సరేనంది. వంక వంకే, అసలు సంగతి వేరు. పెళ్లైన దగ్గర్నుంచీ పొయ్యికీ తోటకీ మధ్య తిరిగిన మనిషి. దిబ్బ కొనమీద బండి ముక్కు పైకి లేచి, అవతలేముందో కనపడని ఆ ఒక్క క్షణంలో ఆవిడకి పట్టలేనంత సంతోషం కలిగేది. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే గట్టిగా కేక పెట్టేది కూడా.

ఆ సంతోషం ఆయనకీ చూపించాలని ఇవాళ బతిమాలి ఎక్కించుకుంది. సరుగుడు తోట దాటి, మొగలి పొదల పక్కనుంచి దిబ్బ బాగానే ఎక్కారు. అవతలి వాలు చూసేసరికి త్రినాథ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. నేరుగా సముద్రంలోకే పోతున్నామనుకుని "ఆపు, ఆపు" అంటూ స్టీరింగు మీద చెయ్యి వేశాడు. మెత్తటి ఇసకలో బండి ఆపకూడదని ఆవిడకి తెలుసు. అయినా కాలు బ్రేకు మీద పడింది. ఆయన ఆపమంటే ఆగడం ఇన్నేళ్ల అలవాటు మరి. ఆయన లాగిన స్టీరింగుతో బండి గిర్రున తిరిగి, ముక్కు దిబ్బ వైపూ వెనక సముద్రం వైపూ పెట్టి, వాలు దిగువన, నీటి అంచున, నిలబడిపోయింది.

మళ్లీ కదిలించబోతే చక్రాలు గొయ్యి తవ్వుకున్నాయి. త్రినాథ్ కిందికి దూకి గోవిందరావుకి ఫోన్ చేశాడు. పడవల్ని ట్రాక్టరుతో ఒడ్డుకి లాగేది అతనే. బయల్దేరుతున్నానన్నాడు.

"ట్రాక్టరొచ్చీలోపు నాను తీసేత్తాను బావా" అంది మహాలక్ష్మి.

"నువ్వు తియ్యకపోతే సముద్రం తీసేత్తాది" అన్నాడు.

ఆవిడ బండి దిగింది. తలలో పిన్ను తీసి నాలుగు టైర్లలోనూ గాలి సగానికి పైగా వదిలేసింది. ఉన్న గాలి కూడా పోతే ఇంకేం కదులుతుందని ఆయన విసుక్కున్నాడు. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకుని ఇసకలోకి దిగదని ఆవిడ చెప్పబోయి, టైము లేక ఊరుకుంది. చక్రాల ముందు ఇసక చేతుల్తోనే తోడింది. పాత కంచె నుంచి ఎండు కొబ్బరి కమ్మలు లాక్కొచ్చి చక్రాల కింద తొక్కింది. ఒక అల వచ్చి టైరుని తడిపి పోయింది.

త్రినాథ్ ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, ట్రాక్టరొస్తుంది, ఆయన పంతం నెగ్గుతుంది. కానీ కమ్మలు కోసుకుని ఆవిడ వేళ్లు నెత్తురోడుతున్నాయి. ఆపమన్నది నువ్వే కదా అని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. సిగ్గేసింది. పంచె ఎగ్గట్టి, వెనక్కి వెళ్లి బండికి భుజం ఆనించాడు.

ఆవిడ బండెక్కి గేరు వేసి, కాలు మెల్లగా అదిమింది. బండి ముందుకూ వెనక్కీ ఊగింది. ఒడ్డు వెంబడి దూరం నుంచి ట్రాక్టరు చప్పుడు వినపడుతోంది. ఇంకో అల త్రినాథ్ మోకాళ్లదాకా లేచింది. ఆయన పళ్లు బిగించి తోశాడు. చక్రాలకి కమ్మలు దొరికాయి. బండి ఒక్కసారిగా ముందుకు పోయేసరికి ఆయన నీళ్లలో బోర్లా పడ్డాడు. అద్దంలో అది చూసి ఆవిడ కాలు మళ్లీ బ్రేకు వైపు పోయింది.

"ఆపకే! నానున్నా నేకపోయినా ఆపకు, ఎలిపో!"

ఆవిడ ఆపలేదు. తీగలల్లుకున్న గట్టి ఇసక పట్టుకుని వాలెక్కింది. దిబ్బ కొనమీద జీపు ముక్కు పైకి లేచింది. అక్కణ్నుంచి ఒక కేక వినపడింది. ఇన్నేళ్ల కాపురంలో త్రినాథ్ ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

గోవిందరావు ట్రాక్టరు దిగి, బండేదని అడిగాడు. ఎవరు లాగారని కూడా అడిగాడు.

త్రినాథ్ పంచె పిండుకుంటూ దిబ్బ వైపు చూశాడు.

"ఎవులూ లాగనేదు. మా మాలచ్చిమే తీసుకెలిపోయింది."