లాక్ వదిలాక పెంచిన లెక్క

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఐటీ పార్కులు సగం కట్టి వదిలేసినట్టు కనిపించే రోజుల్లో, రెండు ప్రాసెసర్లున్న యంత్రాన్ని ఒకే ఒక్క లైనుతో దారికి తెచ్చినవాణ్ణి నేను. అంతకుముందు కొన్ని వారాలుగా అది ఎవరి మాటా వినలేదు. నేను లైను రాసి ఎంటర్ నొక్కాను. ఆఫీసంతా లేచి నిలబడింది.

ఆఫీసంతా అంటే మా వరుసలో వాళ్ళు. లేచింది కె.ఆర్.పురం వెళ్ళే ఆఫీసు బస్సు వచ్చినందుకు. యంత్రం దారికి రావడం మాత్రం నిజం, కొంతవరకు.

మేము ఒక విదేశీ కస్టమరు డిస్కులకు డ్రైవరు, అంటే డిస్కు చేత పని చేయించే ప్రోగ్రాము, రాసేవాళ్ళం. డ్రైవరు ఉండేది కెర్నల్‌లో. కెర్నల్ కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున పనిచేసే ప్రోగ్రాము కనుక, అందులో ఒక్క తప్పు దొర్లితే యంత్రం మొత్తం పడిపోతుంది. మా పాత మెషీన్లలో ఒకే ప్రాసెసరు. అక్కడ అంతా సజావుగా నడిచేది. కస్టమరు పంపిన రెండు ప్రాసెసర్ల మెషీను మాత్రం పూటకోసారి కూలేది. చూడగా చూడగా, ఎప్పుడో విడిచేసిన మెమరీని ఎవరో ఇంకా వాడుతున్నారని తేలింది.

అలా జరగకూడదనే లెక్క పెడతారు. ఒక మెమరీ ముక్కను నలుగురు వాడుకుంటుంటే, ప్రతివాడూ పట్టుకునేటప్పుడు లెక్కకు ఒకటి కలపాలి, పనయ్యాక ఒకటి తీసేయాలి. లెక్కను సున్నా చేసిన ఆఖరివాడు దాన్ని విడిచేస్తాడు. ఆ విడిచే కోడున్న ఫైలు కోలారు దగ్గరి ముళబాగిలు నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. ఆమె ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మేనేజరు ఆమె కన్ఫర్మేషన్ ఆపేశాడు.

"ఫ్రీ చేసేది ఆ అమ్మాయి కోడేగా. ఇష్యూ క్లోజ్ అవనీ, అప్పుడు చూద్దాం" అన్నాడు.

సీనియరును గనుక నేను రంగంలోకి దిగాను. నేను రాసిన ఆ లైనేమిటో ఇక చెప్పక తప్పదు. "ఇక్కడికి వచ్చాను" అని స్క్రీను మీద చూపించే లైను. ఎక్కడ కూలుతోందో తెలుస్తుందని ఆమె ఫైల్లో పెట్టాను. కూలడమే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఫిక్స్ అయిందని మేనేజరుకు చెప్పాను. ఆయన ఫైలు పేరు చూసి, "అనుకున్నా, ఆ అమ్మాయిదే" అన్నాడు.

మర్నాడు ఆమె నా సీటు దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ లైను తీసేయండి."

"తీస్తే కూలుతుంది కదమ్మా."

"కూలనీ సార్. స్క్రీను మీద రాసేకి టైం పడతాది. ఆ లోపల పక్క ప్రాసెసరు తన పని చేసుకొని పోతా ఉండాది. రోగం అట్లే ఉండాది. నా ఉద్యోగం పైన వేసి మీరు దాన్ని కప్పెట్టినారు, అంతే."

తీశాను. భోజనాల వేళకు కూలింది. ఆమె నా పక్కన కుర్చీ లాక్కుని, తన ఫైలు కాకుండా ఇంకో ఫైలు తెరిచింది. మేమెవరం చేరకముందే మానేసి వెళ్ళిపోయిన ఒకాయన రాసింది. అందులో ఆయన లాక్ వేసి, అంటే ఇంకొకరు ముట్టుకోకుండా ఆపి, మెమరీ ముక్కల జాబితాలో వెతికి, కావలసిన ముక్క దొరకగానే లాక్ వదిలి, ఆ తర్వాత లెక్కకు ఒకటి కలుపుతున్నాడు.

"లాక్ వేశాడుగా" అన్నాను.

"రష్షుండే బస్సు వస్తే మీరేం చేస్తారు సార్?"

"కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాను."

"లెక్కకు ఒకటి కలిపేదే ఆ కర్చీఫ్. ఈయప్ప వేయలే. సీటు చూసినాను కదా అని తలుపు కాడికి నడిచినాడు. లోపలికొచ్చేసరికి ఇంకొకాయన కూర్చోనుండాడు. ఈయన నేరుగా పోయి ఆయన ఒళ్ళో కూర్చున్నాడు."

తన ఫైల్లో లెక్క సున్నా చేయడం, జాబితాలోంచి తీసేయడం రెండూ అదే లాక్ కింద జరుగుతున్నాయని వేలు పెట్టి చూపించింది. తర్వాత ఆ పాత ఫైల్లో లెక్క పెంచే వాక్యాన్ని లాక్ వదిలే వాక్యానికి పైకి జరిపింది. శని, ఆదివారాలు మెషీను ఆగకుండా నడిచింది.

సోమవారం పొద్దున్నే నేను మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. "ఈ అమ్మాయిని ఇవాళే కన్ఫర్మ్ చెయ్యండి, లేదంటే నా రాజీనామా తీసుకోండి" అన్నాను. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది.

ఇంతవరకు రాసి, ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్న ఆమెకు ఫోన్లో చదివి వినిపించాను. బస్సు దగ్గర నవ్వింది. రాజీనామా దగ్గర ఆగమంది.

"సార్, ఆ గదిలోకి పోయింది నేను. పాత కోడు, కొత్త కోడు రెండూ ఆయన ముందర నడిపించి చూపించినాను. మీ సీనియర్ ఏమంటాడో అడుగుదాం అని ఆయన మీకు ఫోన్ చేస్తే, 'మీరెట్లంటే అట్లే సార్' అని పెట్టేసినారు. నా కన్ఫర్మేషన్ నేనే తెచ్చుకున్నాను. అట్లా రాయండి."