బాయిలరుతో మాట్లాడిన మనిషి

మా మామగారు పోయిన వారం కాలం చేశారు. తెల్లారి అత్తగారు కాఫీ పట్టుకెళ్లి లేపితే లేవలేదు. అనకాపల్లిలో బెల్లం తూచి అమ్మే కొలగారాల్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు గనక మేం ఎవరికీ చెప్పక్కర్లేకుండానే కబురు ఊరంతా తిరిగింది. ఎండెక్కేసరికి వాకిలి నిండిపోయింది. వచ్చినవాళ్లు ఆయన నిజాయితీ గురించి, బెల్లం దిమ్మ తట్టి చూసి రకం చెప్పే నేర్పు గురించి మాట్లాడుకున్నారు. అన్నీ నిజాలే. కానీ నాకు తెలిసిన మామగారు వేరు. ఆయన నాతో ఏనాడూ నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పదలచుకున్నదంతా మా స్నానాల గదిలోని రాగి బాయిలరుతో చెప్పేవారు.

నవ్వకండి. మామగారి ఎదట కోడలు నోరు విప్పకూడదు, ఆయనా కోడలితో మాట కలపకూడదు. అది మా అత్తవారింటి పద్ధతి. అణాలు పోయి నయాపైసలు ఇంకా అలవాటు కాని రోజుల్లో నేను రావికమతం నుంచి కాపరానికి వచ్చాను. ఆయన వస్తుంటే నేను తలుపు చాటుకి తప్పుకునేదాన్ని, నేను ఉన్నానని తెలిస్తే ఆయన దగ్గేవారు. మొదట్లో మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ ఆ దగ్గు ఒక్కటే.

సారె సామాన్లతో పాటు బండిలో నాతో వచ్చింది ఆ బాయిలరు. అది మా అమ్మది. నా పెళ్లి చూడకుండానే అమ్మ పోయింది. ఆ ఇంట్లో దాన్ని ఇంక వెలిగించేవాళ్లు లేరని నాన్న నాకిచ్చి పంపారు. నడుమ నిలువు గొట్టం, అందులో బొగ్గులో కొబ్బరి చిప్పలో వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. నీళ్లు పోసే చోట మర బిగించే మూత, దాని పక్కనే ఆవిరి పోవడానికి మిరియపు గింజంత కన్నం, కింద కుళాయి. పొద్దున్నే వెలిగించి, రాగి వెచ్చబడ్డాక దాని మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడేదాన్ని. కొత్త ఇంట్లో నాకు మా అమ్మ దగ్గరున్నట్టు అనిపించేది అక్కడ ఒక్కచోటే.

మామగారికి సలసల కాగిన నీళ్లు కావాలి, మండు వేసవిలో కూడా. అంతకుముందు కట్టెల పొయ్యి మీద గంగాళంలో కాచేవారట, సగం నీళ్లు, సగం పొగ వాసన. నేను వచ్చిన కొద్ది రోజులకి ఆయన స్నానం చేసి వస్తూ గదిలోకి తిరిగి చూసి, "ఏవే బాయిలరూ, నీళ్లు బాగా కాసేవు. నువ్వొచ్చేకే నాకు ఒళ్లు నొప్పులు తగ్గేయి" అన్నారు. తలుపు చాటున ఉన్న నాకు ఆ మాట ఎవరి కోసమో తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను గానీ, ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

ఆయనకి లోకంలో అన్ని రోగాలకీ ఒకటే మందు, బెల్లం. దగ్గొస్తే బెల్లం, దెబ్బ తగిలితే బెల్లం, పిల్లలు ఏడిస్తే బెల్లం. ఏదైనా కారితే బెల్లంలో సున్నం కలిపి, కాస్త దూది చేర్చి నూరి పూసేవారు. ఆరిందంటే రాయే. మా నూతి చప్టా, నీళ్ల తొట్టి, వంటింటి గోడ మూల అన్నీ ఆ పూత మీదే నిలబడ్డాయి. చీమలు మాత్రం మాతో ఉమ్మడి కాపరం చేసేవి. అత్తగారు విసుక్కుంటే, "బెల్లం ఊళ్లో పుట్టి బెల్లాన్ని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతాం?" అనేవారు.

ఇంత మంచి బాయిలరుకి ఒక చలికాలం ఉన్నట్టుండి పిచ్చి పట్టింది. ఎప్పుడూ వేసే బొగ్గే, ఎప్పుడూ పోసే నీళ్లే. కానీ కాగుతుంటే లోపల ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు దబదబమని చప్పుడు. గోడ దగ్గర నిలబడలేనంత వేడి. కుళాయి తిప్పితే నీళ్లు ధారగా రాకుండా బుసకొట్టి చిమ్మేవి. నాలుగు రోజులు భయపడుతూనే వాడాం. గురువారం పొద్దున్న అత్తగారు కుళాయి తిప్పగానే మరుగునీళ్లు చిమ్మి ఆవిడ చెయ్యి బొబ్బలెక్కింది.

"ఈ రాకాసి నా ఇంట్లో ఉండడానికి లేదు" అన్నారావిడ, చేతికి ఆముదం రాసుకుంటూ. పాత రాగి సామాన్లు కరిగించి బిందెలు చేసే సాయిబు ఒకతను ఉండేవాడు. అతనికి కబురు పంపారు. బాయిలరు పట్టుకుపోయి బదులుగా బిందెలు ఇవ్వాలి. శుక్రవారం నాడు ఇంట్లోంచి రాగి, ఇత్తడి బయటికి పంపరు గనక శనివారం పొద్దున్న రమ్మన్నారు. ఆవిడ తప్పని నేననను, కాలింది ఆవిడ చెయ్యి. కానీ శనివారం దాటితే మా అమ్మ వస్తువు ముద్దయి, ఎవరింటి బిందె అవుతుందో కూడా నాకు తెలియదు. మావారు పనిమీద ఎలమంచిలి వెళ్లి ఉన్నారు. ఉన్నా తల్లి మాటకి ఎదురాడే మనిషి కారు.

శుక్రవారం మామగారు కొలగారానికి వెళ్లలేదు. పంచె ఎగగట్టి బాయిలరు ముందు పీట వేసుకుని కూర్చున్నారు. "ఏటే, నీకేటొచ్చింది? సెప్పు మరి" అన్నారు. నేను ఎప్పటిలాగే తలుపు చాటున ఉన్నాను.

ముందు కింద జల్లెడలో బూడిద అంతా దులిపారు. "ఊపిరాడక రేగిపోతందేమో" అన్నారు. వెలిగించారు. దబదబ. గొట్టానికి పట్టిన మసి గీకారు. దబదబ. బొగ్గు సగానికి తగ్గించారు, చప్పుడు ఆలస్యంగా మొదలైంది గానీ మొదలవడం మాత్రం మానలేదు. నీళ్ల సున్నం లోపల గార కట్టి ఉంటుందని చింతపండు పులుసు పోసి, మూత తీసి ఉంచి మరిగించారు. అది మరుగుతున్నంతసేపూ బాయిలరు బుద్ధిగా ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ పులుసు పారబోసి, మంచినీళ్లు నింపి, మూత బిగించి, మళ్లీ రాజేశారు. మళ్లీ దబదబ.

అప్పటికి నాకు సంగతి తెలిసిపోయింది. మూత పక్క కన్నం ఉండవలసిన చోట నల్లగా ఒక బొడిపె కనిపిస్తోంది. కన్నంలోంచి ఆవిరి పోవడం చూసి, వేడంతా వృథాగా పోతోందని ఎవరో దాన్ని పూడ్చేశారు. మా ఇంట్లో అలా పూడ్చే చెయ్యి ఒక్కటే. ఆ మాట నేనెలా చెప్పను? మామూలు మాటే మాట్లాడకూడదంటే, తప్పు మీదేనని మామగారితో ఏ కోడలు చెప్పగలదు?

ఆయన పీట మీంచి లేచారు. "నా వల్ల కాలేదే. నీ యజమానురాలికి మొహం ఎలా సూపించాలో తెల్డం లేదు" అన్నారు బాయిలరుతో. బయటికి అడుగు వేస్తున్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తలుపు చాటు నుంచి, "బాయిలరమ్మా, మూత తీత్తే నోరెత్తవు, మూత బిగిత్తే గోల పెడతన్నావు. నీ నెత్తి మీద కన్నం ఉండేది కదా, ఆవిరంతా అందులోంచే పోతాదని మా అమ్మ సెప్పేది. అదేటైపోయింది?" అన్నాను.

ఆయన అడుగు వెనక్కి తిరిగింది. తరవాత గొట్టం కింద నిప్పులు లాగేస్తున్న చప్పుడు వినిపించింది. బాయిలరు పూర్తిగా చల్లారేదాకా దాని జోలికి పోలేదు. అప్పుడు బెల్లం బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి, ఆ బొడిపె కొంచెం కొంచెంగా పెకిలించారు. ఆయన పూత గట్టిది, అంత సులువుగా రాలేదు. మళ్లీ నీళ్లు, మళ్లీ బొగ్గు. ఈసారి కన్నంలోంచి సన్నటి ఆవిరి దారంలా లేచింది. లోపల చప్పుడు లేదు. కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి.

"నీ ముక్కు మూసింది నానేనా?" అన్నారాయన. "ఇన్నాళ్లూ సెప్పొచ్చు కదే."

"బాయిలర్లు మావగార్లకి ఎదురు సెప్పకూడదంట" అన్నాను గోడతో.

ఆయన నవ్విన నవ్వుకి అత్తగారు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చారు. "ఏటా నవ్వు?"

"ఆవిరి కన్నం నానే బెల్లంతో మూసేసేను. కోడలు కనిపెట్టింది."

"కోడలు మీతో మాటాడిందా?"

"నాతో ఏటి? బాయిలరుతో మాటాడింది. నాను పక్కనున్నాను."

అత్తగారు ఆయన్నీ, తలుపునీ, బాయిలరునీ మార్చి మార్చి చూశారు. పద్ధతి ఎక్కడ తప్పిందో ఆవిడకి దొరకలేదు. శనివారం సాయిబు వచ్చి, బాయిలరు చుట్టూ తట్టి చూసి, "దీన్ని కరిగిత్తే నా సెయ్యి పడిపోతాదమ్మా" అని, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఆ తరవాత మేం మాట్లాడుకోని విషయం లేదు, అంతా బాయిలరు మీదుగానే. మావారి మీద కోపంతో నేను అన్నం మానేసిన రోజు ఆయన దాని దగ్గర నిలబడి, "లోపలున్నది పోనియ్యాలే. లేకపోతే కుళాయి దగ్గరున్నోడి సెయ్యి కాల్తాది" అన్నారు. కుళాయి దగ్గరున్నవాడు తన కొడుకని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. బెల్లం మీద నమ్మకం మాత్రం వదల్లేదు. ఎవరైనా పూత వెయ్యమని పిలిస్తే వెళ్లేవారు, కాకపోతే బెల్లంలో సున్నం కలిపే ముందు, "ఆ కన్నం ఎందుకుందో కనుక్కున్నారా?" అని అడిగేవారు.

మొన్న ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టాక, ఆఖరి స్నానానికి నూతి నీళ్లు చాలన్నారు పెద్దలు. నేను ఒప్పుకోలేదు. జన్మలో చన్నీళ్లు పోసుకోని మనిషికి ఆ రోజు మాత్రం ఎందుకు పొయ్యాలి? బాయిలరు నింపి రాజేసి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. వెనకనుంచి దగ్గు వినిపిస్తుందేమోనని చూశాను.

వాకిట్లోంచి ఎవరో, "నీళ్లు కాగేయా?" అని కేకేశారు. అలవాటుకొద్దీ బాయిలరుకే జవాబు చెప్పబోయి ఆగాను. తలుపు దాటి, అందరి మధ్య నుంచీ నడిచి వెళ్లి ఆయన దగ్గర కూర్చున్నాను. అన్నేళ్లలో ఆ మొహాన్ని అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు.

"నీళ్లు కాగేయి మావయ్యా" అన్నాను.

అత్తగారు జరిగి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. స్నానాల గది కిటికీలోంచి సన్నటి ఆవిరి పైకి పోతూ ఉంది.